కోట్ల జనం ఉన్న ఊళ్ళో ఒక వైరస్‌ని ఎలా పట్టుకుంటారు?

మీ తమ్ముడు నైజీరియాలోని లాగోస్‌లో మందుల కంపెనీలో పనిచేస్తున్నాడని, ఆఫ్రికాలో ఎబోలా అన్న మాట టీవీలో వినపడినప్పుడల్లా అమ్మానాన్నలకి నిద్ర ఉండటం లేదని రాశారు. అంత జనం ఉన్న ఊళ్ళో వైరస్ ఎవరెవరికి సోకిందో ఎలా కనిపెడతారు, అక్కడి ప్రభుత్వాలకి అంత శక్తి ఉందా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను పిల్లల డాక్టర్ని. పోలియో నిఘా పనిలో చాలా ఏళ్ళు తిరిగాను. ముందు మన జిల్లాల్లో, తర్వాత ఉత్తర నైజీరియాలోని కానోలో. 2014 చివర్లో ఎబోలా పని మీద పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో కొన్ని నెలలు ఉన్నాను. చదివి తెలుసుకున్నది కొంత, ఇల్లిల్లూ తిరిగి తెలుసుకున్నది కొంత కలిపి చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు రెండో ప్రశ్న. శక్తి ఉంది. దానికి రుజువు మీ తమ్ముడు ఉంటున్న ఊరే.

2014 జులై 20న లైబీరియా ప్రభుత్వ అధికారి ఒకాయన విమానంలో లాగోస్‌లో దిగాడు. నైజీరియాలోనే కలబార్ అనే ఊళ్ళో జరిగే సమావేశానికి వెళ్ళాలి. అప్పటికే ఒంట్లో బాగాలేదు, విమానాశ్రయంలోనే కూలబడిపోయాడు. ఆ రోజుల్లో ప్రభుత్వ డాక్టర్లు సమ్మెలో ఉన్నారు కాబట్టి ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎబోలా రోగుల దగ్గరికి నేను వెళ్ళలేదని ఆయన చెప్పాడు. లాగోస్‌లో జ్వరం అంటే ఏ డాక్టరుకైనా ముందు గుర్తొచ్చేది మలేరియానే. ఆ చికిత్సే మొదలుపెట్టారు.

ఆ ఆసుపత్రిలో సీనియర్ డాక్టర్ అమెయో అడడెవో. ఆమె అంతకుముందు ఎప్పుడూ ఎబోలా రోగిని చూడలేదు. నైజీరియాలో ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఆ దేశానికి అదే మొదటి కేసు. మలేరియా మందుకి తగ్గకపోవడం, ఆయన వచ్చింది అప్పటికే ఎబోలా ఉన్న లైబీరియా నుంచి కావడం, ఈ రెండూ కలిపి ఆమెకి అనుమానం వచ్చింది. రోగిని వేరుగా ఉంచి, రక్తం పరీక్షకి పంపించి, ఆరోగ్య శాఖకి కబురు పెట్టారు. సమావేశానికి వెళ్ళాలి, డిశ్చార్జి చేయండి అని లైబీరియా అధికారుల నుంచి ఒత్తిడి వచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. లాగోస్ యూనివర్సిటీ బోధనాసుపత్రి ల్యాబులో వైరస్ ఉందని తేలింది. జులై 25న ఆయన చనిపోయాడు. ఆయన దగ్గర నుంచే జబ్బు అంటుకుని ఆగస్టు 19న డాక్టర్ అడడెవో కూడా చనిపోయారు. ఆమె పేరు మన దగ్గర పెద్దగా ఎవరికీ తెలియదు. ఆ రోజు ఆమె సరే అని సంతకం పెట్టి పంపించేసి ఉంటే తర్వాత చెప్పబోయే లెక్కలేవీ ఉండేవి కావు.

ఇక మీ మొదటి ప్రశ్నకి వస్తాను. ఎలా వెతుకుతారు?

ముందు ఈ వైరస్ నడక తెలియాలి. కోవిడ్‌లా గాలిలో వ్యాపించేది కాదు. రోగి రక్తం, వాంతి, విరేచనం, చెమట లాంటివి తగిలితే అంటుకుంటుంది. లక్షణాలు కనపడక ముందు మనిషి ఇంకొకరికి అంటించడు. సోకిన తర్వాత లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 21 రోజులు పడుతుంది. ఈ మూడు సంగతులూ మనకి కలిసొచ్చేవే. కోట్ల మందిని పరీక్ష చేయనక్కర్లేదు. జబ్బు పడిన మనిషిని ఎవరెవరు ముట్టుకున్నారో వాళ్ళ జాబితా రాసి, వాళ్ళందరినీ 21 రోజులు రోజూ చూసి రావాలి. ఎవరికైనా జ్వరం వస్తే ఆ పూటే తీసుకెళ్ళి విడిగా ఉంచాలి. పరీక్షలో వైరస్ ఉందని తేలితే, అతని చుట్టూ ఇంకో జాబితా మొదలవుతుంది. కోవిడ్ మొదటి నెలల్లో ప్రైమరీ కాంటాక్ట్ అన్న మాట మన ఊళ్ళలో అందరి నోటా వినపడింది కదా, అదే. కాకపోతే ఎబోలాలో ఒక్క పేరు జారిపోయినా ప్రాణాలు పోతాయి.

లాగోస్‌లో మొదటి జాబితా 72 మందితో మొదలైంది. విమానాశ్రయంలో ఆయన్ని ఎత్తి పట్టుకున్నవాళ్ళు, కారులో తీసుకెళ్ళినవాళ్ళు, ఆసుపత్రిలో సూది వేసినవాళ్ళు, మంచం తుడిచినవాళ్ళు. చివరికి లాగోస్, పోర్ట్ హార్కోర్ట్ రెండు ఊళ్ళలో కలిపి జాబితా 894కి చేరింది. వాళ్ళని నేరుగా వెళ్ళి చూసిన సార్లు దాదాపు 18,500. ఒకసారి లెక్క వేయండి. 894ని 21తో గుణిస్తే 18,774. అంటే దాదాపు ప్రతి మనిషినీ, దాదాపు ప్రతి రోజూ, ఎవరో ఒకరు తలుపు తట్టి చూసి వచ్చారన్నమాట. లాగోస్ ట్రాఫిక్‌లో, ఆ వానల్లో. ఈ రంగంలో ఎన్నో లెక్కలు చూశాను గానీ నన్ను ఇంతగా కదిలించిన లెక్క ఇంకోటి లేదు.

మొత్తం కేసులు 20, మరణాలు 8. అక్టోబర్ 20న నైజీరియాలో ఎబోలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. చివరి కేసు ముగిశాక రెండు 21లు, అంటే 42 రోజులు ఆగి గానీ అలా ప్రకటించరు.

ఇంత తొందరగా ఎలా కుదిరింది? దీని గురించి నేను కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే ఇది మా పోలియో వాళ్ళ కథ. నైజీరియాలో 2012లో పోలియో కోసం ఎమర్జెన్సీ ఆపరేషన్స్ సెంటర్ అని ఒకటి పెట్టారు. అన్ని శాఖలవాళ్ళు, అన్ని సంస్థలవాళ్ళు ఒకే గదిలో కూర్చుని, ఆ రోజు లెక్క ఆ రోజే చూసుకుని, మర్నాడు ఎవరు ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకునే పద్ధతి. ఎబోలా వచ్చిన మూడో రోజుకే అదే పద్ధతిలో లాగోస్‌లో కేంద్రం తెరిచారు. పోలియో కేంద్రంలో డిప్యూటీగా ఉన్న డాక్టర్ ఫైసల్ షుయబ్‌ని దానికి అధిపతిగా పెట్టారు. కానోలో నాతో పనిచేసినవాళ్ళు కొందరు రాత్రికి రాత్రి బ్యాగు సర్దుకుని లాగోస్ వెళ్ళడం నాకు గుర్తుంది. వాళ్ళకి కొత్తగా నేర్పాల్సింది చాలా తక్కువ. తలుపు కొట్టడం, ఇంటి మీద గుర్తు వేయడం, దొరకనివాళ్ళ కోసం సాయంత్రం మళ్ళీ వెళ్ళడం, ఫోనులో ఫారం నింపి అప్పటికప్పుడు పంపడం, ఇవన్నీ వాళ్ళకి అలవాటైన పనులే.

అలవాటు అనడం తేలిక. అది ఎంత కష్టపడి వచ్చిందో కూడా చెప్పాలి. 2003లో కానో రాష్ట్రం పోలియో చుక్కలే ఆపేసింది. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరని పుకారు. 2013 ఫిబ్రవరిలో అదే కానోలో చుక్కలు వేసే ఆడవాళ్ళని కాల్చి చంపారు. అయినా పని ఆగలేదు. ప్రతి పేటకీ మై ఉంగువా అని ఒక పెద్ద ఉంటాడు. ముందు ఆయన ఇంటికి వెళ్ళి, చాప మీద కూర్చుని, పిల్లాపాపల క్షేమం అడిగి, ఆ తర్వాతే పని మాట ఎత్తాలి. ఆయన మాతో కలిసి నడిస్తే నలభై తలుపులు తెరుచుకుంటాయి. ఆయన రాకపోతే ఒక్కటీ తెరుచుకోదు. ఇది నాకు మన జిల్లాల్లోనే ఏఎన్ఎంలూ, అంగన్‌వాడీ టీచర్లూ నేర్పారు. డాక్టర్ గారు వచ్చారు అంటే జనం లోపలికి పోయేవాళ్ళు, మా అంగన్‌వాడీ అక్కయ్య వచ్చింది అంటే బయటికి వచ్చేవాళ్ళు.

లాగోస్‌లోనూ, పోర్ట్ హార్కోర్ట్ ఉన్న రివర్స్ రాష్ట్రంలోనూ కాంటాక్టుల ఇళ్ళ చుట్టుపక్కల దాదాపు 26 వేల ఇళ్ళకి వెళ్ళి మాట్లాడారు. అదే సమయంలో ఉప్పునీళ్ళు తాగితే, ఉప్పునీళ్ళతో స్నానం చేస్తే ఎబోలా రాదని ఫోన్లలో మెసేజ్ తిరిగింది. నమ్మి ఉప్పు తాగి ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు.

అన్నీ సాఫీగా జరిగాయని అనుకోకండి. జాబితాలో ఉన్న ఒకాయన చెప్పకుండా పోర్ట్ హార్కోర్ట్ వెళ్ళిపోయాడు. ఒక హోటల్ గదిలో రహస్యంగా ఒక డాక్టర్ చేత వైద్యం చేయించుకున్నాడు. ఆయన బతికాడు గానీ, ఆ డాక్టరుకి అంటుకుంది. జ్వరం వచ్చాక కూడా ఆ డాక్టరు కొన్ని రోజులు రోగులను చూశారు. ఇంట్లో పసిబిడ్డ పుట్టిన సంబరానికి చుట్టాలు వచ్చి వెళ్ళారు. ఆసుపత్రిలో ఉండగా చర్చివాళ్ళు వచ్చి ఒంటి మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. ఆగస్టు 22న ఆయన చనిపోయేసరికి వందలమందిని కొత్తగా జాబితాలో రాయాల్సి వచ్చింది. అప్పుడు అందరికీ గుండె జారిపోయింది. పోర్ట్ హార్కోర్ట్ బృందాలు లాగోస్ పద్ధతినే పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాయి, జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకే గొలుసు అక్కడే తెగింది. భయపడి దాక్కున్న ఒక మనిషి వల్ల ఎంత పని పడుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. అందుకే జాబితాలో ఉన్నవాళ్ళని దొంగల్లా చూడకూడదని నేను ప్రతి శిక్షణలోనూ మొత్తుకుంటాను. పోలీసులు వస్తారని తెలిస్తే ఎవరూ పేరు చెప్పరు.

ఇక సియెర్రా లియోన్. అక్కడ అదే 2014లో జాబితా చేతులు దాటిపోయింది. 2002 వరకూ అంతర్యుద్ధంలో నలిగిన దేశం, లక్ష జనాభాకి ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ఉన్న దేశం. గినీ సరిహద్దున కైలాహున్ జిల్లాలో నాటువైద్యం చేసే ఒకావిడ చనిపోతే, ఆమె అంత్యక్రియలకి వచ్చిన ఆడవాళ్ళకి సోకింది. అక్కడ శవానికి స్నానం చేయించడం దగ్గరివాళ్ళ ధర్మం. ఎబోలాతో పోయిన మనిషి ఒంట్లో వైరస్ అత్యంత ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ సమయంలోనే. కెనెమా ఆసుపత్రిలో లాసా జ్వరం (ఎలుకల ద్వారా వచ్చే ఇంకో వైరస్ జబ్బు) విభాగాన్ని నడిపిన డాక్టర్ షేక్ హుమర్ ఖాన్ ఎబోలా రోగులకి వైద్యం చేస్తూ జులై 29న చనిపోయారు. ఆయన బృందం పంపిన రక్త నమూనాల నుంచి 78 మంది రోగుల వైరస్ జన్యుక్రమాలు చదివి, ఆ అంత్యక్రియల నుంచే దేశంలోకి వైరస్ పాకిందని శాస్త్రవేత్తలు చూపించారు. ఆ పరిశోధన పత్రం అచ్చయ్యేలోపు దాని రచయితల్లో ఐదుగురు ఎబోలాతో చనిపోయారు. మొత్తం ఆ దేశంలో 14 వేలకు పైగా కేసులు, 4 వేలకు దగ్గరగా మరణాలు.

నేను వెళ్ళేసరికి పోర్ట్ లోకో జిల్లాలో కేసులు ఎక్కువగా ఉన్నాయి. అక్కడ జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక ఇంట్లో ముసలావిడ చనిపోయింది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని అడిగి మా బృందం ఏడు పేర్లు రాసుకుంది. రోజూ వెళ్ళి జ్వరం చూసి వస్తున్నాం, ఏడుగురూ బాగానే ఉన్నారు. పదకొండో రోజు నాలుగు ఇళ్ళ అవతల ఒకామెకి జ్వరం, వాంతులు. ముసలావిడకి చివరి మూడు రోజులూ గంజి పట్టింది, బట్టలు ఉతికింది ఆమే. మేము అడిగింది ఇంట్లోవాళ్ళ గురించి. ఆమె ఇంట్లో మనిషి కాదు, అందుకని ఎవరూ ఆమె పేరు చెప్పలేదు. వాళ్ళు దాచలేదు. ప్రశ్న తప్పు. ఆ జాబితా మీద సంతకం నాదే. ఆమె దక్కలేదు.

ఆ రోజు నుంచి ప్రశ్న మార్చాం. ఆవిడకి అన్నం ఎవరు పెట్టారు? ఎవరు లేపి కూర్చోబెట్టారు? ఒకే పళ్ళెంలో ఎవరు తిన్నారు? అక్కడ ఒకే పళ్ళెంలో అందరూ కూర్చుని తినడం మామూలే. బట్టలు ఎవరు ఉతికారు? ఆటోలోనో బండి మీదో ఎవరు తీసుకెళ్ళారు? ఇలా ఒక్కో పని పేరు చెప్పి అడిగితే ఏడు పేర్లు పందొమ్మిది అవుతాయి. పిల్లల్ని అడిగితే ఇంకో రెండు పేర్లు వస్తాయి.

మీరు రోజూ వార్తల్లో కేసుల సంఖ్య చూస్తారు. మేము చూసే అంకె వేరే. ఇవాళ వచ్చిన కొత్త రోగుల్లో ఎంతమంది నిన్నటికే మా జాబితాలో ఉన్నారు? పదిమందిలో తొమ్మిదిమంది ఉంటే కేసులు పెరుగుతున్నా భయం లేదు, గొలుసు మా కళ్ళ ముందే ఉంది. పదిమందిలో ఇద్దరే ఉంటే, కేసులు తగ్గినట్టు కనపడినా నాకు టెన్షనే. మనకి తెలియని గొలుసు ఇంకెక్కడో నడుస్తోందని అర్థం. మళ్ళీ ఎప్పుడైనా ఇలాంటి వార్త వస్తే మీరు కూడా ఈ సంగతి వెతికి చదవండి.

అంత్యక్రియల విషయంలో మొదట్లో పెద్ద పొరపాటు జరిగింది. ముసుగులు వేసుకున్న మనుషులు వచ్చి శవాన్ని సంచిలో పెట్టి, ప్రార్థన లేకుండా, ఎక్కడ పూడ్చారో చెప్పకుండా తీసుకుపోయేవాళ్ళు. ఏ కొడుకు ఒప్పుకుంటాడు? జనం శవాల్ని దాచారు, రాత్రిపూట వాళ్ళే పూడ్చుకున్నారు. 2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి మార్చింది. ఇమామో పాస్టరో వచ్చి ప్రార్థన చేయొచ్చు, కుటుంబం దూరంగా నిలబడి చూడొచ్చు, సమాధి మీద పేరు ఉంటుంది. అప్పటి నుంచి జనం తమంతట తామే అక్కడి హెల్ప్‌లైన్ 117కి ఫోన్ చేసి ఇంట్లో మరణం జరిగిందని చెప్పడం పెరిగింది. కోవిడ్‌లో మన దగ్గర కూడా తండ్రి ముఖం చివరిసారి చూడలేకపోయిన పిల్లలు ఉన్నారు. వాళ్ళకి ఈ సంగతి వివరించి చెప్పక్కర్లేదు.

క్వారంటైన్ ఇళ్ళ గురించి కూడా ఒక మాట. 21 రోజులు ఇల్లు కదలొద్దు అంటే, బియ్యం, నీళ్ళు, కట్టెలు ఎవరో తెచ్చిపెట్టాలి. మా జిల్లాలో బియ్యం రావాల్సిన బండి రెండు రోజులు ఆలస్యమైతే, ఆ రాత్రే ఒకాయన గోడ దూకి పొలానికి వెళ్ళాడు, కర్రపెండలం తవ్వుకోవడానికి. తప్పు ఆయనదని నేను ఏనాడూ అనుకోలేదు.

సియెర్రా లియోన్‌లో మాట్లాడే క్రియో భాషలో మనుషులు పలకరించుకునేటప్పుడు హౌ ది బోడీ అంటారు, ఒళ్ళు ఎలా ఉంది అని. మా వలంటీర్లు, అందరూ ఆ ఊళ్ళ కుర్రాళ్ళే, గుమ్మంలో నిలబడి, చెయ్యి కలపకుండా గుండె మీద చెయ్యి వేసుకుని ఆ మాట అనేవాళ్ళు. రోజూ చేసే పలకరింపే వైద్య పరీక్షలో మొదటి ప్రశ్న అయింది. థర్మామీటరు ఆ తర్వాత.

2014కీ ఇప్పటికీ పెద్ద తేడా టీకా. 2015లో గినీలో దాన్ని రోగి చుట్టూ వలయంలా వేసి చూశారు. కాంటాక్టులకి, వాళ్ళ కాంటాక్టులకి. బాగా పనిచేసింది. 2018 నుంచి 2020 వరకు కాంగోలో 3 లక్షల మందికి పైగా వేశారు. ఈ వలయం ఆలోచన కొత్తది కాదు, అదీ నైజీరియాలోనే పుట్టింది. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో మశూచి వస్తే, అందరికీ సరిపడా టీకా లేక, డాక్టర్ విలియం ఫెగీ మిషనరీల రేడియోల ద్వారా కేసులు ఎక్కడున్నాయో కనుక్కుని వాటి చుట్టూ మాత్రమే టీకాలు వేయించారు. జబ్బు ఆగిపోయింది. తర్వాత అదే పద్ధతి మన దేశానికి వచ్చింది. 1975 తర్వాత మనకి మశూచి లేదు. ఆఫ్రికాకి ఆ శక్తి ఉందా అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

అయితే ఆ టీకా ఎబోలాలో జైర్ రకానికే పనిచేస్తుంది. 2022 సెప్టెంబరులో ఉగాండాలో వచ్చింది సూడాన్ రకం. దానికి అనుమతి పొందిన టీకా లేదు. అయినా ఉగాండా జాబితాలతోనే నాలుగు నెలలలోపు ఆపింది. నిర్ధారించిన కేసులు 142, వాళ్ళలో 55 మంది చనిపోయారు.

ఇక మీ తమ్ముడి సంగతి. అమ్మానాన్నలకి ఈ మాట చెప్పండి: పక్కన కూర్చుంటేనో, ఒకే బస్సులో వెళితేనో గాలిలో వచ్చి అంటుకునే జబ్బు కాదు ఇది. ఆఫీసుకి వెళ్ళి వచ్చే మనిషికి మామూలు రోజుల్లో ప్రమాదం చాలా తక్కువ. అక్కడ అతను నిజంగా జాగ్రత్తగా ఉండాల్సింది మలేరియా గురించి. దోమతెర వాడమనండి, జ్వరం వస్తే ఆ రోజే పరీక్ష చేయించుకోమనండి.

వ్యాధి ఉందని ప్రకటించిన రోజుల్లో అయితే, జబ్బుగా ఉన్నవాళ్ళ ఒంటిని, బట్టల్ని ముట్టుకోవద్దు. ఎబోలాతో పోయినవాళ్ళ అంత్యక్రియల్లో శవాన్ని తాకొద్దు. జ్వరం వస్తే ఎక్కడెక్కడికి వెళ్ళాడో, ఎవరిని కలిశాడో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పాలి. మొదటి మూడు రోజుల్లో చేసిన పరీక్షలో లేదని వచ్చినా నమ్మకూడదు, 72 గంటలు దాటాక ఇంకోసారి చేయాలి. వార్తల కోసం నైజీరియా సీడీసీ (అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) ప్రకటనలు చూడమనండి, వాట్సాప్ ఫార్వార్డులు వద్దు. ఎప్పుడైనా ఎవరైనా వచ్చి నీ పేరు మా జాబితాలో ఉంది, 21 రోజులు రోజూ వస్తాం అంటే, కంగారుపడి ఇండియా టికెట్టు కొనొద్దని గట్టిగా చెప్పండి. ఆ జాబితాలో ఉండటమే అతనికి రక్ష. జ్వరం వచ్చిన మొదటి గంటల్లోనే వైద్యం, సెలైన్, ఓఆర్ఎస్ అందేది ఆ జాబితాలో ఉన్నవాళ్ళకే. లాగోస్‌లో బతికి బయటపడినవాళ్ళు వాంతులు అవుతున్నా పట్టుబట్టి లీటర్ల కొద్దీ ఓఆర్ఎస్ తాగారు.

ఇంకేమైనా అడగాలంటే ఇక్కడే అడగండి, వీలు చూసుకుని రాస్తాను. అతను లాగోస్‌లో ఏ ప్రాంతంలో ఉంటున్నాడు, పని ఆఫీసులోనా, ఆసుపత్రులకి తిరిగేదా అన్నది చెబితే ఇంకా సరిగ్గా చెప్పగలను. మెడికల్ రెప్ పని అయితే జాగ్రత్తలు కొంచెం వేరు.